నిత్యశిక్ష న్యాయమేనా?

(ఆ రోజు సభకు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. చర్చి నుంచి వచ్చిన అన్నలకి, అక్కలకి వందనాలు. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. నేను నాస్తికుణ్ణి. ఆ సంగతి మొదటే చెప్పేస్తే నా మాటల్ని ఎక్కడ అనుమానించాలో అక్కడ మీరు అనుమానించుకోవచ్చు. కానీ ఈ రోజు దేవుడున్నాడా లేడా అన్న చర్చ పెట్టుకోను. ఉన్నాడనే అనుకుందాం. ఈ గంటసేపు ఉన్నాడనీ, ఆయన న్యాయవంతుడనీ అనుకుని ఒకే ఒక్క ప్రశ్న అడుగుదాం. అంతం లేని శిక్ష న్యాయం ఎలా అవుతుంది?

మన దగ్గర నాస్తికులూ క్రైస్తవులూ చర్చకి కూర్చుంటే ఏం జరుగుతుందో మీకు తెలుసు. మావాళ్ళు ఒక వచనం తీసి ఇంకో వచనానికి పొంతన లేదంటారు, పాస్టర్లు మూడో వచనం తీస్తారు, గంటన్నర గడిచేసరికి ఎవరి మనుషులు వాళ్ళకి చప్పట్లు కొట్టేసి, ఎవరు ఎవరి నోరు మూయించారో రాసుకుని వీడియో పెట్టేసుకుంటారు. నాకు అది చూస్తే బాధేస్తుందండీ. ఎందుకంటే ఆ సభలో ఎక్కడో ఒక మూల, నమ్మని నాన్న చనిపోయిన కూతురు కూర్చుని ఉంటుంది. నాన్న ఇప్పుడు ఎక్కడున్నాడు అన్నది ఆమె ప్రశ్న. దానికి ఇటువాళ్ళూ జవాబు చెప్పరు, అటువాళ్ళూ చెప్పరు.

సరే, ముందు విషయం ఏమిటో సరిగ్గా చెప్పుకుందాం. మత్తయి సువార్త 25వ అధ్యాయం చివర్లో ఉంది, "వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్యజీవమునకును పోవుదురు" అని. లూకా సువార్త 16లో ధనవంతుడు, అతని వాకిట పడి ఉన్న పేదవాడు లాజరు, వీళ్ళ కథ మీకందరికీ తెలుసు. చనిపోయాక ధనవంతుడు అగ్నిలో యాతనపడుతూ, లాజరు వేలి కొన నీళ్ళలో ముంచి తన నాలుక చల్లార్చితే చాలని అడుగుతాడు. కుదరదు, మధ్యలో మహా అగాధం ఉంది అంటారు. వేలి కొనకంటిన నీళ్ళు కూడా దొరకవు. క్రైస్తవులందరూ దీన్ని ఒకేలా అర్థం చేసుకోరు, ఆ మాట మావాళ్ళు మరిచిపోతుంటారు. దుష్టులు చివరికి పూర్తిగా నశించిపోతారు తప్ప బాధపడుతూ ఉండరు అనేవాళ్ళున్నారు. చివరికి అందరూ రక్షణ పొందుతారని నమ్మినవాళ్ళు తొలి శతాబ్దాల నుంచీ ఉన్నారు, మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిజెన్ అలాంటివాడు. అయినా మన ఊళ్ళలో సువార్త కూటాల్లో వినపడేది ఎక్కువగా ఆరని అగ్నే కాబట్టి నేను దాని గురించే మాట్లాడతాను.

ఈ ప్రశ్న నాస్తికులు పుట్టించింది కాదు. ఆదికాండం 18 తీయండి. సొదొమ పట్టణం మీదికి నాశనం రాబోతోందని తెలిసినప్పుడు అబ్రాహాము దేవుడి ముందు నిలబడి ఏమన్నాడు? "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా" అన్నాడు. యాభై మంది నీతిమంతులుంటే? నలభై అయిదు మందే ఉంటే? అలా అడుగుతూ అడుగుతూ పది మందిదాకా దించాడు. దేవుడు కోప్పడలేదు. నన్నే నిలదీస్తావా, నీ బుద్ధి ఎంత అనలేదు. ప్రతిసారీ జవాబిచ్చాడు. అంటే ఏమిటండీ? న్యాయం అంటే ఇది అని మనిషికి తెలిసిన అర్థంతోనే దేవుణ్ణి అడగొచ్చు అని మీ గ్రంథమే ఒప్పుకుంటోంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా ప్రసంగమంతా దీని మీదే నిలబడుతుంది.

ఎందుకంటే చర్చలో ఇరుకున పడ్డప్పుడు చాలామంది ఒక మాట అంటారు: దేవుడి న్యాయం వేరు, మన న్యాయం వేరు, మన కొలతలతో ఆయన్ని కొలవకూడదు. ఇది పాత వాదమే. 1858లో ఆక్స్‌ఫర్డ్‌లో మాన్సెల్ అనే పండితుడు ప్రసంగాల పరంపరగా ఈ వాదాన్ని గట్టిగా వినిపించాడు. దానికి తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1865లో జవాబు రాశాడు. సాటి మనుషుల్ని మంచివాళ్ళు అనేటప్పుడు నేను ఏ అర్థంలో అంటానో ఆ అర్థంలో మంచివాడు కానివాణ్ణి నేను మంచివాడు అనను, అలా అననందుకు నన్ను నరకానికి పంపగలిగితే నరకానికే పోతాను, అన్నాడు. అందులో పొగరు ఏమీ లేదండీ. ఆలోచించండి. దేవుడి న్యాయానికి నాకు తెలిసిన న్యాయంతో సంబంధమే లేకపోతే, ఆదివారం పొద్దున చర్చిలో "దేవా నీవు న్యాయవంతుడవు" అని పాడినప్పుడు మీరేం పాడుతున్నట్టు? అర్థం తెలియని మాటతో ఎవర్నైనా స్తుతించగలమా?

ఆ రోజుల్లో ఇంగ్లండులో జరిగిన గొడవ కొంచెం చెప్తాను. 1853లో మారిస్ అనే చర్చి గురువు, నిజమైన భక్తుడు, నిత్యశిక్ష అంటే అంతులేని కాలం శిక్షపడటం అని అనుకోనక్కర్లేదు అని రాసినందుకు లండన్ కింగ్స్ కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తర్వాత విల్సన్ అనే ఇంకో గురువు, చివరికి అందరికీ దేవుడి దగ్గర చోటు దొరుకుతుందని ఆశిస్తున్నాను అని రాశాడు. ఆశిస్తున్నాను అన్నాడంతే. చర్చి కోర్టు శిక్ష వేసింది. ఆయన ప్రివీ కౌన్సిల్‌కి వెళ్ళాడు. మన జమీందారీ దావాలు సముద్రం దాటి చివరి అప్పీలుకి వెళ్ళేవే, లండన్‌లోని ఆ ప్రివీ కౌన్సిలే. 1864లో అది, దుష్టులకి కూడా చివరికి క్షమ దొరుకుతుందని ఆశించడం చర్చి ఆఫ్ ఇంగ్లండ్ గురువుకి నేరం కాదు అని తీర్పిచ్చింది. ఊరుకున్నారా? దాదాపు 11 వేల మంది గురువులు, నిత్యశిక్ష నిత్యమే అని ప్రకటన మీద సంతకాలు పెట్టారు. ఆశ పడ్డ మనిషి ఒక పక్క, ఆ ఆశ కూడదని 11 వేల సంతకాలు ఒక పక్క. ఇప్పటిదాకా నేను చెప్పిన ఈ గొడవలో మిల్ తప్ప మిగతా అందరూ క్రైస్తవులే, చూశారా.

ఆ సంతకాల వెనక ముఖ్యుడు ఆక్స్‌ఫర్డ్ పండితుడు ప్యూసీ. ఆయన దగ్గరికి కొన్నేళ్ళకి ఒక యువతి వెళ్ళింది. ఆవిడ అనీ బెసెంట్. మనకి ఆవిడ హోంరూల్ ఉద్యమంతో తెలుసు, మదనపల్లె కాలేజీతో తెలుసు, 1915లో ఆవిడ పెట్టించిందే కదా. కానీ అంతకు నలభై ఏళ్ళ ముందు ఆవిడ ఒక చర్చి ఆఫ్ ఇంగ్లండ్ గురువు భార్య. 1871లో ఏడాది నిండని కూతురు మేబెల్‌కి కోరింత దగ్గు వచ్చింది. గదిలో నిప్పు దగ్గర డేరాలాగా తెర కట్టి, లోపల ఆవిరి నింపి, ఆ ఆవిరిలో బిడ్డని ఒళ్ళో పెట్టుకుని రాత్రీ పగలూ కూర్చుందావిడ. దగ్గు తెర వచ్చినప్పుడల్లా పిల్ల ఊపిరందక గిలగిల్లాడేది. ఒకసారి ప్రాణం పోతుందనే అనుకున్నారు. అప్పుడు డాక్టరు జేబురుమాలు మీద ఒక్క చుక్క క్లోరోఫాం వేసి పిల్ల ముఖం దగ్గర పట్టాడు. ఈ దశలో దీనివల్ల కొత్తగా పోయేదేమీ లేదు, బాధైనా తగ్గుతుంది, అన్నాడు.

పిల్ల బతికింది. కానీ తల్లికి మాత్రం ఆ రాత్రులు పోలేదు. ఆ డాక్టరుని చూడండి. చేతిలో ఉన్నది ఒక్క చుక్క, బిడ్డని కాపాడగలనన్న నమ్మకం లేదు, అయినా ఆ మనిషికి ముందు తట్టింది బాధ తగ్గించడం. ఆ జాలి మనిషికి ఉంటే, ఆ జాలిని మనిషిలో పెట్టినవాడు వేలి కొన నీళ్ళు కూడా అందనివ్వని చోటుని అంతం లేకుండా ఎలా నడుపుతాడు? బెసెంట్ అప్పుడు తేల్చుకోవాల్సిన విషయాల జాబితా రాసుకుంది. అందులో మొదటిది చనిపోయాక అనుభవించే నిత్యశిక్ష. తర్వాత, ఇంత దుఃఖంతో ఈ లోకాన్ని చేసినవాడి విషయంలో మంచితనం, ప్రేమ అనే మాటలకి అర్థం ఏమిటని. ఆ తర్వాత, ఒకరి బదులు ఇంకొకరు శిక్ష పడటంలో న్యాయం ఏమిటని. ఇవన్నీ తిట్లు కావండీ, ఒక తల్లి అడిగిన ప్రశ్నలు. తర్వాత క్రీస్తు దైవత్వం మీద కూడా సందేహం పుట్టి ప్యూసీ దగ్గరికి వెళితే ఆయన, నువ్వు ఇప్పటికే ఎక్కువ చదివావు, ప్రార్థన చెయ్యి అన్నాడు. సత్యాన్ని కనుక్కోవడం నీ పని కాదు, చర్చి చెప్పిన సత్యాన్ని ఒప్పుకోవడమే నీ పని అన్నాడు. ఆవిడ తిరిగి వచ్చేసింది. 1873లో భర్త ఇల్లు వదిలింది, మరుసటి ఏడాదికి నాస్తికుల వేదిక ఎక్కింది. 1878లో కోర్టు ఆ మేబెల్‌నే ఆవిడ దగ్గర్నుంచి తీసేసుకుంది. నాస్తికురాలు, పైగా సంతాన నియంత్రణ మీద పుస్తకం ప్రచురించింది, ఆడపిల్లని పెంచడానికి తగదు అని. ఒళ్ళో పెట్టుకుని ఆవిరిలో కాచుకున్న పిల్ల. (కాసేపు ఆగి) క్షమించాలి. చెప్తాను.

పాస్టర్లకి నా విన్నపం ఒక్కటే. మీ దగ్గరికి ఇలాంటి ప్రశ్నతో ఎవరైనా వస్తే ప్యూసీలా మాట్లాడకండి. అబ్రాహాముకి దేవుడు ఎలా జవాబిచ్చాడో అలా మాట్లాడండి.

ఇంకొక ఇంటి సంగతి చెప్తాను, డార్విన్ ఇంటిది. డార్విన్ తన పిల్లల కోసం రాసుకున్న జీవిత కథలో ఒక చోట అన్నాడు, నమ్మనివాళ్ళకి నిత్యశిక్ష పడుతుందంటే అందులో మా నాన్న, మా అన్న, నా స్నేహితుల్లో దాదాపు అందరూ ఉంటారు, ఇది ఘోరమైన సిద్ధాంతం, అని. ఆయన భార్య ఎమ్మా భక్తురాలు. 1882లో ఆయన పోయాక ఆ పేజీ చదివి, ఇది అచ్చు వేయొద్దు, మాట మరీ మోటుగా ఉంది అని పక్కన రాసింది. ఇంకా ఏం రాసిందో తెలుసా? నమ్మనందుకు నిత్యశిక్ష అనే సిద్ధాంతాన్ని ఎంత కఠినంగా అన్నా తప్పులేదు, కానీ ఈ రోజుల్లో దాన్ని క్రైస్తవం అనేవాళ్ళు చాలా తక్కువ, అంది. ఆ వాక్యాలు తీసేసే 1887లో పుస్తకం వేశారు, 1958లోగానీ పూర్తిగా బయటికి రాలేదు. నాకు ఈ ఇద్దరూ చాలా ఇష్టమండీ. ఆయన నమ్మలేదు, ఆవిడ నమ్మింది. ఒకే ఇంట్లో నలభై ఏళ్ళు పైగా కాపురం చేశారు. న్యాయం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి మాటా ఒకటే అయింది.

ఎమ్మా ఆ మాట రాసేటప్పటికి నాలుగేళ్ళ ముందు, 1878 జూలైలో, మన గుండ్లకమ్మ ఒడ్డున ఏం జరిగింది? కరువు గడిచిన రోజులు. ఒంగోలు మిషన్ వాళ్ళు ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎక్కువమంది మాదిగలు. ఈ హాల్లో వాళ్ళ మునిమనవలు ఉండే ఉంటారు. ఆ రోజు ఏట్లోంచి తడిబట్టలతో పైకొచ్చిన మనిషికి కొత్త జీవితం మొదలైంది, ఆ విలువ నేను తక్కువ చేయను, ఊరు మనిషిగా చూడని మనిషిని అక్కడ మనిషిగా చూశారు. కానీ ముందటేడు కరువులో గంజి లేక పోయిన వాళ్ళమ్మ సంగతేమిటి? సువార్త వినకుండా పోయింది కదా. ఆ ముసలమ్మ ఎక్కడుంది? కాథలిక్ మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ జపాన్‌లో బోధించి వచ్చాక 1552లో కొచ్చి నుంచి రాసిన ఉత్తరంలో ఈ సంగతే ఉంది. పూర్వీకులు నరకంలో ఉన్నారు, ఇక వాళ్ళకి విడుదల లేదు అని చెప్తే కొత్తగా క్రైస్తవులైనవాళ్ళు ఏడ్చేవారట, అది చూసి తనకీ దుఃఖం వచ్చేదట. ఆ కన్నీళ్ళు తప్పుడు కన్నీళ్ళా చెప్పండి?

ఇక క్రైస్తవ పండితుల జవాబులు. తేలికైనవి వదిలేస్తాను, బలమైనవే తీసుకుంటాను.

అగస్టీన్ అన్నాడు, నేరం చేయడానికి పట్టిన సమయాన్ని బట్టి ఏ లోకంలోనూ శిక్ష వేయరు అని. నిజమే, హత్యకి నిమిషం పడుతుంది, యావజ్జీవం పడుతుంది. ఒప్పుకుంటాను. కానీ నేరం బరువైనదే అయినా దానికీ ఒక మేర ఉంటుంది కదా, మనిషి ఎంత చెడ్డవాడైనా చేయగలిగిన కీడుకి ఒక హద్దు ఉంటుంది. హద్దున్న కీడుకి హద్దులేని శిక్ష ఎందుకు? దీనికి పదకొండో శతాబ్దంలో ఆన్సెల్మ్ దారి చూపించాడు. నేరం బరువు ఎవరికి వ్యతిరేకంగా చేశామో వాళ్ళ గొప్పతనాన్ని బట్టి ఉంటుంది, దేవుడు అనంతుడు కాబట్టి పాపం బరువూ అనంతమే, అని. వినడానికి బాగుంటుంది. కానీ మన దేశంలో పుట్టినవాళ్ళు ఈ సూత్రాన్ని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలండీ. తప్పు ఎవరి పట్ల జరిగిందో వాళ్ళ హోదాని బట్టి శిక్ష పెరగాలి అన్న ధర్మం మనకి కొత్తదా? మనుస్మృతిలో ఉన్నది అదే కదా? అదే తిట్టు శూద్రుడు బ్రాహ్మణుణ్ణి తిడితే ఒక శిక్ష, బ్రాహ్మణుడు శూద్రుణ్ణి తిడితే ఇంకో శిక్ష. ఆ పుస్తకాన్ని 1927 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, మహాడ్‌లో అంబేద్కర్ మంటల్లో వేయించారు. ఆ మంట సరైనదే అని ఒప్పుకునే దళిత క్రైస్తవ సోదరులారా, అదే సూత్రాన్ని ఆకాశంలో పెడితే అది న్యాయం అవుతుందా?

ఇంకో మాట అంటారు, శిక్ష పడితేనే దేవుడి న్యాయం తృప్తి చెందుతుందని. అంతం లేని శిక్షలో ఆ తృప్తి ఎప్పుడు? వడ్డీ వ్యాపారి ఎన్నాళ్ళు కట్టించుకున్నా అసలు తీరలేదనే అంటూ ఉంటే, అక్కడ అప్పు వసూలవుతోందనరు, ఆ మనిషిని పీల్చుకు తింటున్నారంటారు. పూర్తికాని శిక్ష అంటే పూర్తికాని న్యాయమే.

ఇప్పటివాళ్ళు ఎక్కువగా చెప్పేది వేరు. దేవుడు ఎవర్నీ పంపడు, మనిషే తన ఇష్టంతో దేవుణ్ణి కాదనుకుని దూరంగా ఉండిపోతాడు, అని. మిగతావాటికంటే ఇది మర్యాదైన వాదం, నాకు గౌరవం ఉంది. కానీ లూకాలో ధనవంతుడు బయటికి రానన్నాడా? నీళ్ళు అడిగాడు, తన అన్నదమ్ముల్ని హెచ్చరించమని బతిమాలాడు. చనిపోయిన క్షణంతో మారుమనస్సుకి దారి ఎందుకు మూసుకుపోవాలో ఈ వాదం చెప్పదు.

ఇప్పుడు మావాళ్ళ వైపు తిరుగుతాను. నాస్తిక మిత్రులు తేలిగ్గా దాటేసే జవాబు ఒకటుంది, నా మటుకు నాకు అన్నిటికంటే బరువైనది అదే. అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు. 1991 ఆగస్టు 6. పట్టపగలు తరిమి తరిమి ఎనిమిది మంది దళితుల్ని చంపారు, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. చనిపోయినవాళ్ళలో బైబిల్ పేర్లవాళ్ళు ఉన్నారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి బాధితులు ఎంత పోరాడారో మీకు తెలుసు. పదహారేళ్ళకి, 2007లో, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు అని తీర్పొచ్చింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులుగా వదిలేసింది. అందర్నీ. ఇప్పుడు ఒక తల్లి, పైన ఒక తీర్పు ఉంది, అక్కడ సాక్షులు అడ్డం తిరగరు, అక్కడ అప్పీలు లేదు అని నమ్ముకుంటే, ఆమెతో నేను ఏమని చెప్పాలి? అదంతా భ్రమ అమ్మా అని చెప్పి మైకు పెట్టేసి వచ్చేయనా? అలా రావడం నాకు చేతకాదండీ. ఆమె కోరుకుంటున్నది న్యాయం. ఆ కోరిక భ్రమ కాదు.

కానీ ఆమెకి నిత్యనరకం ఆ న్యాయం ఇస్తుందా? మామూలుగా బోధించే పద్ధతిలో చూద్దాం. చంపినవాడు చివరి రోజుల్లో మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకుంటే పరలోకం. చచ్చిపోయిన కుర్రాడు నమ్మకం లేనివాడైతే, పోలేరమ్మకి మొక్కుకున్నవాడైతే, ఆరని అగ్ని. కాలవలో పడేసినవాళ్ళు ఇచ్చింది ఒక చావు, ఇది అంతులేని చావు. ఆ తల్లి అడిగింది ఇదా? ఇక్కడ నేను మీ గ్రంథం వైపే చెయ్యి చూపిస్తున్నాను. నిత్యశిక్ష అన్న మాట ఏ అధ్యాయంలో ఉందో ఆ మత్తయి 25లోనే తీర్పు దేన్ని బట్టి జరిగింది? ఆకలేసినవాడికి అన్నం పెట్టావా, దాహమైనవాడికి నీళ్ళిచ్చావా, బట్టల్లేనివాడికి బట్టలిచ్చావా, చెరసాలలో ఉన్నవాణ్ణి చూడ్డానికి వెళ్ళావా. నువ్వు ఏ విశ్వాస ప్రమాణం చదివావు అని అక్కడ ఎవరూ అడగలేదు. అగ్నిని మాత్రం ఆ అధ్యాయంలోంచి తీసుకుని, ప్రశ్నలు ఎందుకు వదిలేశారు?

మావాళ్ళకి కూడా చెప్తున్నాను. పైన కోర్టు లేదు అని మనం అంటున్నాం. అంటే ఉన్నది ఈ గుంటూరు కోర్టే, ఈ హైకోర్టే. అప్పుడు మన బాధ్యత పెరుగుతుందా తగ్గుతుందా? చుండూరు వాయిదాలకి మనలో ఎంతమంది వెళ్ళారు? సాక్షి భయపడి ఇంట్లో కూర్చుంటే పక్కన ఎవరు కూర్చున్నారు? మన నాస్తికోద్యమ నాయకుడు గోరా గారు దేవుడు లేడని చెప్పి ఊరుకోలేదు, సహపంక్తి భోజనాలు పెట్టించారు, ఇంట్లో పిల్లలకి కులం దాటి పెళ్ళిళ్ళు చేశారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అంటరానితనం దెబ్బ తిన్న కవి జాషువా గారి కూతురు హేమలత గారు 1960లో గోరా గారి కోడలయ్యారు. ఆ ఇంట్లో నరకం గురించి వాదించుకున్నారో లేదో గానీ, ఇక్కడి అన్యాయం మీద మాత్రం కలిసే పనిచేశారు.

చివరిగా పిల్లల సంగతి. సండే స్కూల్లో ఆరేళ్ళ పిల్లకి మంటల్లో కేకలు వేస్తున్న మనుషుల బొమ్మ చూపించి, నువ్వు ప్రభువుని నమ్మకపోతే ఇక్కడికే వస్తావు అని చెప్పడం ఆపండి. ఇది నాస్తికుడిగా అడగటం లేదు. ఆ పిల్లకి రాత్రి నిద్ర పట్టదు, అమ్మా నాన్నలో ఎవరు నమ్మడం లేదో లెక్కపెట్టుకుంటూ పడుకుంటుంది. ఆ వయసులో ఆ టెన్షన్ ఎందుకండీ? మీ దగ్గర ప్రేమ గురించి చెప్పడానికి ఇంత ఉంది కదా, దాంతో మొదలుపెట్టండి.

నేను చెప్పాల్సింది అయిపోయింది. ఇందాకటి నుంచి ముందు వరసలో ఒక పాస్టరు గారు నోట్సు రాసుకుంటున్నారు, ఆన్సెల్మ్ గురించి అన్నప్పుడు తల అడ్డంగా ఊపారు కూడా. అయ్యగారూ, ముందు మీరే మాట్లాడండి. మైకు ఆయనకి ఇవ్వండి బాబూ.